బడిలో ఆదరణ పెరగాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక వైపు ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్న ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆరు నుంచి పదో తరగతి వరకు సుమారు ఆరు వందల మంది పిల్లలున్న తమ బడిలో ఈమధ్య ఎగతాళి చేయడం, జట్లు కట్టి ఒకరిని వెలివేయడం పెరిగాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు బడికి రానని మొండికేసి ఇంట్లోనే ఉండిపోయాడు. దసరా సెలవుల తర్వాత సిబ్బంది అంతా కలిసి ఒక వారం పాటు ‘స్నేహ వారోత్సవం’ జరపాలనుకుంటున్నారు. దాన్ని ఎలా జరిపితే నిజమైన ఫలితం ఉంటుంది?

విశాఖలోను, చుట్టుపక్కల మండలాల్లోను చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు పిల్లల మానసిక ఆరోగ్యంపై ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తున్న అనుభవంతో నాకు తోచినది వివరంగా రాస్తున్నాను.

వారోత్సవం సంగతి తర్వాత చూద్దాం. మానేసిన ఆ పిల్లవాడి విషయం మాత్రం ఈ వారంలోనే తేలాలి. వాడికి బడిలో కాస్త చనువున్న పెద్దలు ఎవరో కనుక్కోండి. అది క్లాస్ టీచరే కానక్కరలేదు, వ్యాయామం సారు కావచ్చు, ఆయమ్మ కావచ్చు. వారు ఒక్కరే ఇంటికి వెళ్లాలి. హాజరు పుస్తకం, నోటీసు, తోటి పిల్లల గుంపు ఏవీ వెంట ఉండకూడదు. ‘బడికి ఎందుకు రావడం లేదు’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే పిల్లవాడికి అది సంజాయిషీ అడిగినట్టే వినిపిస్తుంది. ‘నువ్వు కనపడటం లేదని చూసి వెళ్దామని వచ్చాను నాన్నా’ అని చెప్పి, అమ్మతో నాలుగు మాటలు మాట్లాడి, వాడు చెప్పినంత విని, చెప్పకపోతే చెప్పలేదని ఊరుకుని తిరిగి రావాలి. రెండోసారి వెళ్లినప్పుడు సాధారణంగా అసలు కారణం బయటపడుతుంది. బడికి దూరమైన రోజులు పెరిగేకొద్దీ తిరిగి రావడానికి పిల్లలకు కావలసిన ధైర్యం కూడా పెరుగుతూ పోతుంది, అందుకే ఆలస్యం చేయవద్దంటున్నాను.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. వారం పాటు నినాదాలు రాయించి, ప్రతిజ్ఞ చేయించి, పోటీలు పెట్టి బహుమతులిచ్చిన బడులను చాలా చూశాను. అందులో దురుద్దేశం ఏమీ లేదు. అయితే వెనక బెంచీలో రోజూ మాటలు పడుతున్న పిల్లవాడు ఆ వారమంతా వేదిక మీద మంచి మాటలు విని, మరుసటి సోమవారం మళ్లీ అవే మాటలు పడితే, పెద్దవాళ్లు చెప్పేవి వేదిక మీదికే పరిమితమని వాడికి అర్థమవుతుంది. ఆ నమ్మకం ఒకసారి పోయాక, నిజంగా కష్టం వచ్చిన రోజున వాడు మన దగ్గరికి రాడు. కాబట్టి వారోత్సవాన్ని విద్యాసంవత్సరం చివరికి జరపండి, అప్పటికి చూపించడానికి ఏదైనా ఉంటుంది. మొదలు మాత్రం పిల్లలతో కాదు, స్టాఫ్ రూములో పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

దీనికి కారణం ఉంది. పిల్లలు మన పాఠం వినని రోజులుంటాయి గాని మనల్ని గమనించని రోజు ఉండదు. ప్రధానోపాధ్యాయులు ఆలస్యంగా వచ్చిన టీచరును వరండాలో అందరి ముందు కోప్పడటం, ఇద్దరు ఉపాధ్యాయులు ఒకరినొకరు పలకరించుకోకుండా తిరగడం, స్వీపరును పేరు లేకుండా ‘ఏయ్’ అని పిలవడం, ఇవన్నీ వారికి కనిపిస్తాయి. మధ్యాహ్న భోజనం వరుసలో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. రెండోసారి అన్నం అడిగిన పిల్లవాడిని ‘ఇంట్లో తినవా’ అని ఎవరైనా అన్నారంటే, ఆ వరుసలో ఉన్న నలభై మంది ఆ మాట నేర్చుకుంటారు. వారిలో ఒకడు సాయంత్రం ఆటస్థలంలో అదే మాట వాడతాడు. మన రాష్ట్రంలో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది. గోదావరి లంక గ్రామంలో ఏ వేళ ఎవరు వచ్చినా కాదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆ పేరు పెట్టుకున్న వరుసలో పిల్లవాడు ఆకలిని చెప్పుకోవడానికి సిగ్గుపడకూడదు. వంట చేసే అమ్మలను కూర్చోబెట్టి ఈ విషయం గౌరవంగా మాట్లాడండి. నా అనుభవంలో వారు మనకంటే త్వరగా అర్థం చేసుకుంటారు.

స్టాఫ్ రూములో చేయవలసిన మొదటి పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. తరగతుల వారీగా పిల్లలందరి పేర్లూ పెద్ద కాగితాల మీద రాసి గోడకు అంటించండి. ఆ గదిలోకి పిల్లలెవరూ రాకుండా తలుపు వేసుకుని, ఉపాధ్యాయులు, గుమాస్తా, ఆయమ్మ, వాచ్‌మన్, వంట చేసేవారు, అందరూ చుట్టూ తిరుగుతూ, తమకు బాగా తెలిసిన పిల్లల పేరు పక్కన చుక్క పెట్టాలి. బాగా తెలియడమంటే మార్కులు తెలియడం కాదు. ఇంట్లో ఎవరెవరున్నారో, దేనికి సంతోషిస్తారో, దేనికి భయపడతారో తెలియడం, ఆ పిల్ల కూడా తనకు కష్టమొస్తే వీరికి చెప్పుకుంటుందని నమ్మకం ఉండడం. అరగంటలో గోడ నిండిపోతుంది. మొదటి ర్యాంకు పిల్లల పక్కన ఏడెనిమిది చుక్కలు, అల్లరి పిల్లల పక్కన కూడా అన్నే చుక్కలు కనబడతాయి. మధ్యలో మాత్రం ఒక్క చుక్కా లేని పేర్లు మిగులుతాయి. వారు బాగా చదివేవారు కారు, తప్పేవారూ కారు, తగవులాడరు, సెలవు పెట్టరు. ఏళ్ల తరబడి మన కళ్ల ముందే ఉండి మనకు తెలియని పిల్లలు. ఇది చేయించిన బడుల్లో ఆ పేర్లు చూశాక గదిలో మాట లేకుండా పోవడం నేను గమనించాను. ఆయమ్మ పెట్టిన చుక్కలు కొందరు టీచర్లు పెట్టినవాటికంటే ఎక్కువ ఉండడం కూడా చూశాను. చుక్క లేని ప్రతి పేరునూ ఒక్కొక్కరు తీసుకోవాలి. తీసుకున్నవారు ఆ పిల్లకు ఆ సంగతి చెప్పనక్కరలేదు. రోజుకు ఒకసారి పేరు పెట్టి పలకరించడం, రాని రోజున మరునాడు అడగడం, పది రోజులకొకసారి రెండు నిమిషాలు ఆగి మాట్లాడడం, అంతే. మూడు నెలల తర్వాత మళ్లీ కాగితాలు అంటించి చూడండి.

చుక్కలు లేని పిల్లలు ఎవరా అని చూసినప్పుడు ఈ నగరం స్వభావం కూడా అందులో కనిపిస్తుంది. ఒడిశా నుంచో బీహారు నుంచో పనుల కోసం వచ్చిన కుటుంబాల పిల్లలు తెలుగులో తడబడతారు కాబట్టి మాట్లాడటమే తగ్గిస్తారు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లల యాసను అనుకరించి నవ్వడం చాలా బడుల్లో తప్పుగా కూడా లెక్కలోకి రాదు. నౌకాదళంలో పనిచేసేవారి పిల్లలు బదిలీల వల్ల విద్యాసంవత్సరం మధ్యలో వచ్చి, స్నేహాలు కుదిరేలోగా వెళ్లిపోతారు. మత్స్యకార కుటుంబాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. మన బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. అంటే రెండు నెలలు వేట ఆదాయం లేని ఇంటి నుంచి పిల్లవాడు మొదటి రోజు బడికి వస్తాడు. ఆ వారంలో ‘నోట్‌బుక్స్ ఏవి, షూ ఏది’ అని తరగతిలో లేపి నిలబెట్టడం ఎంత గాయం చేస్తుందో ఊహించండి. జాలరిపేట నుంచి పిల్లలొచ్చే బడి అయితే, ఆ ప్రశ్నలు జులై దాకా అడగకూడదని సిబ్బంది అంతా కలిసి నిర్ణయించుకోవచ్చు. ఇలాంటి చిన్న నిర్ణయం పది ఉపన్యాసాల కంటే మేలు చేస్తుంది.

నిలబెట్టి అడగడం గురించి ఇంకొంచెం చెప్పాలి. మార్కులు పైనుంచి కిందికి చదవడం, తక్కువ వచ్చినవారిని విడిగా కూర్చోబెట్టడం, ఫీజు కట్టనివారి పేర్లు ప్రార్థన సమయంలో పిలవడం, వీటిని చాలామంది క్రమశిక్షణలో భాగమనుకుంటారు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షను మాత్రమే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. విశాఖలో ఉండి పోటీ పరీక్షకు చదువుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, పిల్లల శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలని, నూరు మంది గాని అంతకంటే ఎక్కువ మంది గాని విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గాని, సైకాలజిస్టు గాని, సోషల్ వర్కర్ గాని కనీసం ఒకరు ఉండాలని, బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించాలని అందులో ఉంది. ఆరు వందల మంది పిల్లలున్న మీ బడికి ఇది వర్తిస్తుంది. యాజమాన్యం దగ్గరికి వెళ్లేటప్పుడు ‘మంచి పని చేద్దాం’ అన్న విన్నపంతో పాటు ఈ తీర్పు ప్రతి కూడా తీసుకువెళ్లండి. అది మన ఊళ్లో జరిగిన ఘటన మీద ఇచ్చిన తీర్పని కూడా చెప్పండి.

ఎగతాళి, వెలివేతల విషయానికి వస్తే, మన బడులలో సర్వసాధారణంగా జరిగే పని ఇద్దరినీ ఆఫీసు గదికి పిలిచి, చెరో నాలుగు మాటలు అని, చేతులు కలిపించి పంపడం. సమాన బలమున్న ఇద్దరు పోట్లాడుకుంటే అది సరిపోతుంది. నార్వే మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయుస్ 1970ల నుంచి ఈ విషయం మీద పనిచేసి, వేధింపును మామూలు తగవు నుంచి వేరుచేసే గుర్తులు మూడు చెప్పారు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, చేసేవారికి పడేవారికి మధ్య బలంలో తేడా ఉండడం. ఈ మూడూ ఉన్నచోట చేతులు కలిపిస్తే, బాధపడినవాడు తనను బాధపెట్టినవాడి ముందు నిలబడి ‘పర్లేదు సార్’ అనక తప్పదు. బయటికి వెళ్లాక ‘సార్‌కి చెబుతావా’ అని మళ్లీ పడతాడు. అందుకే విడివిడిగా మాట్లాడాలి. ముందు బాధపడినవాడితో, తర్వాత చేసినవారితో ఒక్కొక్కరుగా, ఆ తర్వాత చుట్టూ నిలబడి చూసినవారితో.

ఆ చూసినవారే నా దృష్టిలో అసలు కీలకం. ఫిన్లండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న కివా అనే కార్యక్రమం ఈ ఆలోచన మీదనే నిలబడింది: వేధించేవాడికి కావలసింది ప్రేక్షకులు, కాబట్టి ప్రేక్షకుల ప్రవర్తన మారితే వేధింపులోని లాభం పోతుంది. పిల్లలకు ‘ఎదిరించండి’ అని చెప్పడం అన్యాయం, అందరికీ ఆ ధైర్యం ఉండదు. నవ్వకుండా ఉండడం, అక్కడినుంచి కదలడం, తర్వాత ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్లి ‘రా, క్యాంటీన్‌కి వెళ్దాం’ అనడం, పెద్దలకు చెప్పడం, ఇవి ఎవరైనా చేయగలరు. ఎనిమిది, తొమ్మిది తరగతులలో ఈ నాలుగింటినీ నటింపజేసి సాధన చేయించండి. పేరు పెట్టకుండా, నిజంగా మీ బడిలో వినబడే మాటలతోనే సన్నివేశాలు రాయించండి. రంగు మీద, కులం మీద, లావు మీద, తండ్రి వృత్తి మీద వచ్చే మాటలు ఏమిటో పిల్లలే చెబుతారు. ఒక విషయం పరిష్కారమైందని అనుకున్న తర్వాత వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి ఆ పిల్లవాడిని విడిగా అడగడం తప్పనిసరి. మన దగ్గర తరచుగా జరగనిది ఇదే.

ఆదరణకు అసలైన పరీక్ష ఇంట్లో చావు జరిగిన పిల్లవాడు బడికి తిరిగి వచ్చిన రోజున ఎదురవుతుంది, అందుకే దీని మీద కాస్త నిలుస్తాను. తండ్రి పోయిన పదమూడేళ్ల పిల్లవాడు కర్మ ముగిశాక గుండుతో బడికి వస్తాడు. వరండాలో ఒకడు తెలిసో తెలియకో వెనకనుంచి ఆ గుండు మీద ఒక్కటి కొట్టి నవ్వుతాడు. ఆ ఒక్క క్షణం ఆ పిల్లవాడికి జన్మంతా గుర్తుంటుంది. దీన్ని ఆపడానికి ముందురోజు పది నిమిషాలు చాలు. వాడు రాబోతున్నాడని, ఏం జరిగిందని, గుండుతో ఉంటాడని, దాన్ని తాకకూడదని, ‘ఎలా పోయారు’ అని అడగకూడదని, ‘వచ్చావా, నీ నోట్సు రాసి ఉంచాను’ అంటే చాలని క్లాస్ టీచరు తరగతికి చెప్పాలి. పక్క తరగతులకు కూడా చెప్పాలి, ఎందుకంటే వరండా అందరిదీ. ఉదయం గేటు దగ్గర వాడికి తెలిసిన పెద్దవారొకరు ఉండాలి. వాడి స్నేహితుడి పక్కనే చోటుండాలి. తరగతి మధ్యలో ఏడుపు వస్తే అనుమతి అడగకుండా బయటికి వెళ్లి ఎక్కడ కూర్చోవచ్చో ముందే చెప్పి ఉంచాలి. ‘ఇక నువ్వే ఇంటికి పెద్దదిక్కు, ధైర్యంగా ఉండాలి’ అని మనం ప్రేమతోనే అంటాం. పదమూడేళ్ల భుజాల మీద ఆ మాట వేయకండి. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం అడిగే గడి, ఫాదర్స్ డే కార్డులు, తండ్రి పేరుతో పిలిచే సమావేశం, సంవత్సరీకం, ఇవి ఎప్పుడెప్పుడు వస్తాయో క్లాస్ టీచరు ఒక కాగితం మీద రాసుకోవాలి. మొదటి వారం అందరూ పలకరిస్తారు, మూడో నెలలో ఎవరూ పలకరించరు. అప్పుడే వాడికి మనం ఎక్కువ అవసరం.

ఒక్కరి విషయం ఇలా ఉంటే, ఊరంతటికీ దెబ్బ తగిలిన రోజులు కూడా మనం చూశాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకైనప్పుడు పిల్లలు భయాన్ని మాటల్లో చెప్పలేదు; కడుపునొప్పులు, నిద్ర పట్టకపోవడం, గాలి హోరుకు ఉలిక్కిపడటం రూపంలో చూపించారు. అలాంటప్పుడు ఏం చేయాలన్న దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో విడుదల చేసిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని మూడు మాటల్లో చెబుతుంది: చూడండి, వినండి, తగినవారితో కలపండి. మామూలు రోజుల్లో కూడా ఉపాధ్యాయుల పని సరిగ్గా అంతే. వైద్యం మన పని కాదు.

వినడంలో మాత్రం కొన్ని నియమాలు కచ్చితంగా ఉండాలి. పిల్ల ఏదో చెప్పబోతూ ‘ఎవరికీ చెప్పనని ఒట్టు వేయండి’ అంటే ఒట్టు వేయవద్దు. ‘నీకు ప్రమాదం ఉందనిపిస్తే నీకు సాయం చేయగలవారికి మాత్రమే చెబుతాను, నీకు తెలియకుండా చెప్పను’ అనండి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో చట్టం 2012 ప్రకారం దాన్ని పోలీసులకు తెలియజేయడం మన బాధ్యత, బడి పరువు పేరుతో దాచడం నేరం. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన కలుగుతుందేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు, ప్రశాంతంగా, సూటిగా అడిగితే పిల్లకు భారం దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా తల్లిదండ్రులను పిలిపించి, అదే రోజు వైద్యుల దగ్గరికి చేర్చాలి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, పిల్లల రక్షణకు 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ ఆఫీసు గదిలో కాదు, బాలికల మరుగుదొడ్ల దగ్గర, మంచినీళ్ల కుళాయిల దగ్గర, ఎవరూ చూడకుండా రాసుకోగల చోట రాయించండి. ‘పిచ్చాసుపత్రికి పంపాలి నిన్ను’ అన్న పరిహాసం ఏ ఉపాధ్యాయుని నోటా రాకూడదు. ఆ మాట విన్న పిల్లలు నిజంగా అవసరమైన రోజున ఆ ఆసుపత్రి గుమ్మం ఎక్కడానికి ఒప్పుకోరు.

తల్లిదండ్రుల సమావేశాలకు మీ ప్రాంతంలో అసలు అడ్డంకి వేళలే. స్టీలు ప్లాంటులో షిఫ్టులు, అచ్యుతాపురం వైపు కంపెనీ బస్సెక్కి వెళ్లే తల్లులు. పగలు పదకొండింటికి రమ్మంటే రారు, రాలేదని పట్టనివారి కింద లెక్కవేస్తాం. ఆదివారం ఉదయం గంటసేపు పెట్టి చూడండి. ఫిర్యాదు లేకుండా, మీవాడిలో ఫలానా మంచి గుణం గమనించామని చెప్పడానికి ఏడాదికి ఒక్కసారైనా ప్రతి ఇంటికీ ఫోన్ చేయండి.

ఇవన్నీ చేయవలసిన ఉపాధ్యాయులకు పాఠాలు, పరీక్షలు, యాప్‌లలో వివరాలు నింపడం ఎలాగూ ఉన్నాయి. పిల్లల బాధలు విన్నవారికి ఆ బరువు దింపుకునే చోటు కావాలి. పదిహేను రోజులకొకసారి నలుగురైదుగురు కూర్చుని, సిలబస్ ఊసు లేకుండా ఈ పిల్లల గురించి, తమ గురించి మాట్లాడుకునే గంటను టైమ్‌టేబుల్‌లోనే చూపించమని ప్రధానోపాధ్యాయులను అడగండి. మిగతాదంతా వాయిదా వేసినా దీన్ని వాయిదా వేయనివ్వకండి.

చివరిగా, యాజమాన్యానికి మీరు ముందే చెప్పి ఉంచవలసినది ఒకటుంది. ఈ పని సరిగా సాగితే మొదటి మూడు నాలుగు నెలల్లో ఫిర్యాదులు తగ్గవు, పెరుగుతాయి, ఎందుకంటే ఇంతకాలం నోరు మెదపని పిల్లలు చెప్పడం మొదలుపెడతారు. ఆ సంఖ్య చూసి ‘బడి పాడైపోయింది’ అని కంగారుపడి ఆపేస్తే మాట్లాడిన పిల్లలు ఇంకెప్పుడూ మాట్లాడరు. ఫిర్యాదుల లెక్కకు బదులు టర్ముకు ఒకసారి, పేరు రాయనక్కరలేని చీటీ మీద పిల్లలను రెండే ప్రశ్నలు అడగండి: కష్టం వస్తే ఈ బడిలో చెప్పుకోవడానికి నీకు పెద్దవారెవరైనా ఉన్నారా, గత వారం ఇక్కడ ఎక్కడికి వెళ్లడానికి నీకు భయమేసింది? రెండో ప్రశ్నకు వచ్చే జవాబుల్లో మెట్ల మలుపు, సైకిళ్ల షెడ్డు, బస్సులో వెనక సీటు వంటి చోట్లు పదే పదే కనిపిస్తాయి. మరుసటి వారం నుంచి ఇంటర్వెల్‌లో అక్కడ ఎవరు నిలబడాలో డ్యూటీ వేయండి.